తాళంచెవి ఎవరి చేతిలో ఉండాలి: మానసిక రుగ్మత ఉన్నవారికి ఆసరా ఇళ్లు

సభకు నమస్కారం.

జబ్బు అదుపులోకి వచ్చి, డాక్టరు ఇక ఇంటికి వెళ్లొచ్చని చెప్పాక కూడా వార్డులోనే ఏళ్ల తరబడి ఉండిపోయేవాళ్లు పెద్ద మానసిక ఆస్పత్రులన్నిటిలోనూ ఉంటారు. 1794లో మొదలైన మన చెన్నై కీల్పాక్ మానసిక ఆస్పత్రికీ ఈ బాధ తప్పలేదు. తల్లిదండ్రులు పోయి ఉంటారు. అన్నదమ్ములు ఫోను ఎత్తరు. కొందరికి ఊరి పేరు కూడా సరిగా గుర్తుండదు. 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ ఈ విషయంలో స్పష్టంగా ఉంది. కుటుంబం లేదనో, కుటుంబం రానివ్వడం లేదనో, ఇల్లు లేదనో, బయట తగిన వసతి లేదనో ఎవరినీ ఆస్పత్రిలో ఉంచేయకూడదు. ఆస్పత్రికీ ఇంటికీ మధ్య కొన్నాళ్లు ఉండే హాఫ్‌వే హోమ్‌లు, కొందరు కలిసి ఉండే గ్రూప్ హోమ్‌లు ఏర్పాటు చేసే బాధ్యత ప్రభుత్వానిదని కూడా అదే సెక్షన్ చెబుతుంది.

అలా అని ఎక్కడో ఒక చోట పడుకోబెడితే సరిపోదు. 2001 ఆగస్టు 6న ఇదే తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచిన పాకకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది చనిపోయారు. వాళ్లందరికీ తలమీద కప్పు ఉంది. కాళ్లు మాత్రం వాళ్ల చెప్పుచేతల్లో లేవు.

చెన్నైలో మానసిక రుగ్మత ఉన్న నిరాశ్రయుల కోసం పనిచేసే ది బాన్యన్ సంస్థ 2015లో 'హోమ్ అగైన్' పేరుతో మొదలుపెట్టిన పద్ధతిలో మామూలు వీధిలో మామూలు ఇల్లు అద్దెకు తీసుకుంటారు. అందులో నలుగురైదుగురు కలిసి ఉంటారు, సాయానికి పక్కన మనుషులుంటారు. ఈ సంఖ్యను కొంచెం సాగదీద్దామని చాలామందికి అనిపిస్తుంది. అదే ఇంట్లో పదిమందిని పెడితే ఖర్చు తగ్గుతుంది కదా అంటారు. పదిమందికి వండాలంటే వంటమనిషి కావాలి. వంటమనిషి వచ్చిందంటే తిండికి వేళలు వస్తాయి, వేళలు వస్తే గంట వస్తుంది, గంట వెనకే రిజిస్టరు వస్తుంది. ఆరు నెలలు తిరక్కుండానే ఆ ఇల్లు చిన్న ఆస్పత్రిగా మారిపోతుంది. మేం ఈ రోజు చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే. ఇల్లు ఇల్లుగా మిగలాలి, దాని తాళంచెవి అందులో ఉండే మనిషి దగ్గర ఉండాలి.

ఇల్లు వెతికేటప్పుడు గ్రౌండ్ ఫ్లోరు చూడండి. మానసిక రుగ్మతకు వాడే చాలా మందులతో ఒళ్లు పెరుగుతుంది, మోకాళ్లు నొప్పి పుడతాయి. రెండో అంతస్తులో ఉంటే మనిషి వీధిలోకి దిగడమే మానేస్తారు. నడిచి వెళ్లే దూరంలో బస్‌స్టాపు, మెడికల్ షాపు, టీ కొట్టు ఉండాలి. విడి ఇళ్లలో నీళ్ల సంపు మూత బలంగా ఉందో లేదో, పెరట్లో పాత బావి ఉంటే దానికి జాలీ ఉందో లేదో చూసుకోవాలి. ఎలుకల మందు, పురుగుల మందు ఇంట్లో అసలు ఉంచొద్దు. డిశ్చార్జి అయిన తర్వాతి కొద్ది వారాల్లో ఆత్మహత్య ముప్పు అన్నిటికంటే ఎక్కువ. అంతవరకే జాగ్రత్త. బాత్రూమ్ గడియలు పీకేయడం, కిటికీలకు వల కొట్టించడం, కూరగాయల కత్తి దాచేయడం మొదలుపెడితే మళ్లీ వార్డే తయారవుతుంది.

అద్దె ఒప్పందంలో ఉండబోయేవాళ్ల పేర్లు కూడా రాయించండి. ఆధార్‌లో చిరునామా మార్చాలన్నా, బ్యాంకు ఖాతా తెరవాలన్నా, రేషన్ కార్డుకైనా ఆ కాగితమే ఆధారం. ఓనరుకు ఎవరి జబ్బు పేరూ చెప్పాల్సిన పనిలేదు. అది గోప్యంగా ఉండటం వాళ్ల చట్టబద్ధమైన హక్కు. ఓనరుకూ పక్కింటివాళ్లకూ కావలసింది రాత్రి రెండింటికి చేసినా ఎత్తే ఒక ఫోన్ నంబరు. అది మొదటి రోజే ఇచ్చేయండి.

డబ్బు లెక్క కూడా చూద్దాం. నలుగురుండే ఇంటికి అద్దె 20 వేలు, వంతులవారీగా పనిచేసే ఇద్దరు సహాయకులకు 32 వేలు, సరుకులూ గ్యాసూ 16 వేలు, కరెంటూ నీళ్లూ 4 వేలు, మందులూ పరీక్షలూ ఆటోలూ 6 వేలు అనుకుందాం. మొత్తం 78 వేలు, తలకు 19,500. పేటను బట్టి అంకెలు మారతాయి గానీ పెద్ద ముక్క ఎప్పుడూ జీతాలదే. అందుకే డబ్బు తగ్గగానే మొదట ఒక సహాయకురాలిని మానిపిస్తారు, ఇళ్లు కూలేది కూడా సరిగ్గా అక్కడే. అడ్వాన్సు, పరుపులు, ఫ్రిజ్‌లాంటి మొదటి నెల ఖర్చు ఈ లెక్కలో లేదు. రెండు నెలలకోసారి వచ్చే కరెంటు బిల్లుకు ప్రతి నెలా సగం పక్కన పెట్టాలి. వైకల్య ధ్రువపత్రం తీసుకుంటే వచ్చే భత్యం చిన్నదే అయినా అది వాళ్ల సొంత ఖాతాలో పడుతుంది, ఆ తేడా పెద్దది. నిరామయ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా వస్తుందని కొందరు ఆశపెడుతుంటారు. మానసిక రుగ్మత ఒక్కటే ఉన్నవాళ్లకు అది రాదు.

ఎవరితో కలిసి ఉండాలో వాళ్లే తేల్చుకోవాలి. సంతకాలకు ముందే రెండు మూడు సార్లు శని ఆదివారాలు కలిసి ఉండి చూడమనండి. తగాదాలు జబ్బు వల్ల తక్కువ. టీవీ వల్ల, బాత్రూమ్ వల్ల, అప్పుగా ఇచ్చిన ఇరవై రూపాయల వల్ల ఎక్కువ.

సహాయకురాలి పని చెప్పడం తేలిక, చేయడం కష్టం. పదేళ్లు వార్డులో కూర్చున్న చోటికే కంచం వచ్చిన మనిషికి అన్నం వండటం ఒక పనిగా కనిపించదు, కొండలా కనిపిస్తుంది. దాన్ని ముక్కలు చేయాలి. మొదటి వారం బియ్యం కొలిచి కడగడం వరకే. రెండో వారం గ్లాసు బియ్యానికి రెండున్నర గ్లాసుల నీళ్లు పోసి కుక్కర్ మూత బిగించడం. ఆ తర్వాత స్టౌ వెలిగించి, విజిళ్లు లెక్కపెట్టి, ఆపడం. విజిల్ చప్పుడుకు ఉలిక్కిపడేవాళ్లుంటారు, వాళ్లకు గిన్నెలో వార్చడం నేర్పండి. ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు, జాలిపడో తొందరపడో సహాయకురాలే వండేయడం. కూర్చుని పెట్టించుకునే అలవాటు చాలా త్వరగా తిరిగి వస్తుంది, అప్పుడు దాన్ని చూసి మనిషి సోమరి అంటారు. మంచం దిగకపోవడం స్కిజోఫ్రీనియా లక్షణాల్లో ఒకటి. మాత్రతో అది అంతగా తగ్గదు, రోజూ పక్కన నిలబడి చేయిస్తేనే కొంత కదలిక వస్తుంది.

ఇక మందుల సంగతి. మొదట సహాయకురాలు స్ట్రిప్పు అందిస్తే మనిషే మాత్ర తీసుకుంటారు. కుదిరాక ఒక రోజుకు సరిపడా, ఆ తర్వాత వారం గడుల డబ్బా వాళ్ల చేతికే. మిగతా నిల్వ మాత్రం తాళంలో ఉండాలి. కంపెనీ మారి మాత్ర రంగు మారితే ఇది నాది కాదని ఆపేస్తారు. కొత్త స్ట్రిప్పు వచ్చిన రోజే పాతదాని పక్కన పెట్టి చూపించాలి.

స్కిజోఫ్రీనియాకు ఇచ్చే క్లోజపిన్ అనే మందు వాడేవాళ్ల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త. సాధారణంగా మొదటి 18 వారాలు వారానికోసారి తెల్లకణాల పరీక్ష ఉంటుంది. రెండు రోజులకు మించి మాత్ర తప్పితే పాత మోతాదు మళ్లీ మొదలుపెట్టకూడదు. డాక్టరుతో మాట్లాడి 12.5 మిల్లీగ్రాముల నుంచి మెల్లగా పెంచుకుంటూ రావాలి. పొంగల్ సెలవుల్లో నాలుగు రోజులు ఓపీ ఉండదు, లాబ్ ఉండదు, స్ట్రిప్పు అయిపోతుంది. భోగికి వారం ముందే లెక్క చూసుకోవాలి. అలాగే బీడీ. వార్డులో పొగ ఉండదు, ఇంటికొచ్చాక మళ్లీ మొదలవుతుంది. పొగలోని పదార్థాల వల్ల కాలేయం క్లోజపిన్‌ను, అలాంటిదే అయిన ఓలాంజపిన్‌ను వేగంగా ఖర్చు చేసేస్తుంది. అదే మోతాదు వేసుకుంటున్నా రక్తంలో మందు సగానికి పడిపోవచ్చు. మాత్రలన్నీ వేసుకుంటున్నారు, అయినా గొంతులు మళ్లీ వినిపిస్తున్నాయంటే బీడీ సంగతి అడగండి, డాక్టరుకు చెప్పండి. హఠాత్తుగా మానేసినా చెప్పాలి, అప్పుడు మందు ఎక్కువైపోతుంది.

బైపోలార్ జబ్బుకు ఇచ్చే లిథియం వాడేవాళ్లకు మన అగ్ని నక్షత్రం రోజులు, అంటే మే నెల మండుటెండలు, గడ్డుకాలం. చెమట పోసి ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గితే మందు రక్తంలో పేరుకుంటుంది. ఒళ్లు నొప్పులని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ అడిగి వేసుకుంటే ఇంకా పెరుగుతుంది. చేతులు బాగా వణుకుతున్నా, విరేచనాలైనా, మాట ముద్దగా వస్తున్నా, నడక తూలుతున్నా తర్వాతి మాత్ర ఆపి అదే రోజు ఆస్పత్రిలో లిథియం పరీక్ష చేయించాలి.

మన తెలుగువాళ్ల గురించి ఒక మాట. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి తప్పిపోయి ఇక్కడికి చేరినవాళ్లను తమిళంలో ప్రశ్నిస్తారు. పొంతన లేని జవాబు వస్తే అది జబ్బు ఖాతాలో పడుతుంది. తెలుగులో అడిగితే అదే మనిషి ఊరి పక్కన చెరువు, రైల్వే గేటు, ఆడబడుచు పేరు చెబుతారు. ఇంట్లో ఒక సహాయకురాలికైనా తెలుగు రావాలి. నిద్ర పట్టని రాత్రి ఎవరూ రెండో భాషలో మాట్లాడుకోలేరు.

ఒక్కొక్కరి జబ్బు తిరగబెట్టే ముందు కనిపించే గుర్తులు వేరు. ఒకరు వరసగా రెండు రాత్రులు నిద్రపోరు, ఒకరు స్నానం మానేస్తారు, ఒకరు ఫ్యాను చప్పుడులో తన పేరు వినిపిస్తోందంటారు. అవి బాగున్న రోజుల్లోనే ఆ మనిషినే అడిగి రాసి పెట్టుకోవాలి. ఎవరికి ఫోన్ చేయాలి, ఏ ఆస్పత్రి, ఏ మందు పడదు అన్నవి కూడా. ముందస్తు ఆదేశం (జబ్బు ముదిరితే ఎలా వైద్యం చేయాలో, ఎలా చేయకూడదో ముందే రాసిపెట్టడం), నామినేటెడ్ ప్రతినిధి (అప్పుడు నిర్ణయాల్లో తోడుండే మనిషిని ముందే ఎంచుకోవడం) అనే రెండు ఏర్పాట్లు చట్టంలో ఉన్నాయి, వాడుకోండి. రాత్రివేళ సలహాకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనూ మాట్లాడతారు.

మళ్లీ ఆస్పత్రిలో చేరాల్సి వస్తే ఆ గది ఆ మనిషిదే. అద్దె కట్టాలి, మంచం మీద ఇంకొకరిని పెట్టకూడదు. ఈ మాట ఒప్పందంలోనే ఉండాలి, ఎందుకంటే ఖాళీగా ఉన్న మంచాన్ని చూసి తట్టుకోలేని నిర్వాహకులే ఎక్కువ. తిరిగొచ్చిన రోజు పాత మాత్రలన్నీ తీసేసి, కొత్త చీటీ ప్రకారం డబ్బా నింపండి. పాతవీ కొత్తవీ కలిపి మింగేయడం ఆ వారంలో తరచుగా జరిగే పొరపాటు.

ఇక్కడున్నవారిలో కొళత్తూరు, పెరంబూరు, విల్లివాక్కం వైపు గ్రౌండ్ ఫ్లోరు పోర్షను ఖాళీ ఉన్నవాళ్లు సభ అయ్యాక మాతో మాట్లాడండి. అడ్వాన్సు సొమ్ము నలుగురు కలిసి సర్దగలిగితే అది కూడా చాలా పెద్ద సాయం. ఆ డబ్బు ఇల్లు ఖాళీ చేసినప్పుడు తిరిగి వస్తుంది, మరో ఇంటికి మళ్లీ పనికొస్తుంది. తెలుగు మాట్లాడే, రాత్రి ఉండగలిగే ఆడవాళ్లకు మూడు వారాల శిక్షణ మేమిస్తాం, జీతం కూడా ఉంటుంది. పేర్లు గుమ్మం దగ్గర రాసుకుంటున్నారు.