జన్యుమార్పిడి పంటలపై చైనా నెటిజన్ల కోపం: దాన్ని చదవడమెలా?

అందరికీ నమస్కారం. వ్యవసాయ విద్యార్థులు, విలేకరులు, సర్వేలు చేసే పరిశోధకులు ఇక్కడున్నారు కాబట్టి ఉపోద్ఘాతం లేకుండా నేరుగా విషయంలోకి వెళతాను.

చైనా సోషల్ మీడియాలో జన్యుమార్పిడి పంటల మీద సాగే గొడవ గురించి మన దగ్గర రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. అక్కడి జనానికి సైన్స్ తెలియదన్నది ఒకటి. ప్రభుత్వం ఏమంటే జనమూ అదే అంటారన్నది రెండోది. రెండూ నిజం కావు. ప్రభుత్వం 2008లోనే వేల కోట్ల యువాన్లతో జన్యుమార్పిడి పరిశోధనల భారీ పథకం మొదలుపెట్టింది. ఆ ప్రభుత్వం వెనకేసుకొచ్చిన సాంకేతికతనే అక్కడి నెటిజన్లు ఏళ్ల తరబడి తిట్టిపోశారు. ఇక సైన్స్ విషయం. ఆ తిట్లలో ఎక్కువ భాగం జన్యువు గురించి కాదు. ఆహారాన్ని ఎవరు తయారు చేస్తున్నారు, ఎవరు దాస్తున్నారు, ఎవరు లాభపడుతున్నారు అన్న అనుమానాల గురించి. ఈ తేడా పట్టుకోకపోతే లక్ష పోస్టులు పోగేసినా చేతికి ఏమీ చిక్కదు.

పురుగును చంపే ప్రొటీన్‌ను తనలోనే తయారుచేసుకునే బీటీ పత్తికి చైనా 1997లో అనుమతిచ్చింది. పెద్ద గొడవేమీ లేదు. పత్తి కట్టుకునే బట్ట. 2009 ఆగస్టులో వ్యవసాయ మంత్రిత్వ శాఖ రెండు బీటీ వరి రకాలకు జీవభద్రత సర్టిఫికెట్లు ఇచ్చింది. ఒకటి హువాహుయ్-1, రెండోది బీటీ షాన్‌యో-63. రెండూ వూహాన్‌లోని హువాజోంగ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో జాంగ్ ఛీఫా బృందం చేసినవే. విషయం జనం దాకా వచ్చేసరికి నెలలు గడిచాయి. మూడు పూటలా తినే అన్నం గురించి తమకు చెప్పకుండా నిర్ణయం జరిగిపోయిందన్న మాట అక్కడ పుట్టింది. దానికి ఒక్క ఏడాది ముందే, 2008లో, మెలమైన్ కలిపిన పాలపొడి తాగి ఆరుగురు పసిపిల్లలు చనిపోయారు. దాదాపు మూడు లక్షల మంది జబ్బుపడ్డారు. ఆ గాయం పచ్చిగా ఉండగా అధికారులు "పరీక్షించాం, భద్రమే" అంటే ఏ తల్లి నమ్ముతుంది? ఆ సర్టిఫికెట్ల గడువు 2014 ఆగస్టులో ముగిసింది, అదే ఏడాది చివర్లో పొడిగించారు. ఆ వరి మాత్రం నేటికీ రైతు పొలానికి అధికారికంగా విత్తనంగా రాలేదు.

తర్వాత వచ్చిన గోల్డెన్ రైస్ (బీటా కెరోటిన్ ఉండేలా జన్యువులు మార్చిన వరి) వ్యవహారాన్ని కొంచెం దగ్గర నుంచి చూడాలి. 2008 జూన్‌లో హునాన్ రాష్ట్రం హెంగ్‌యాంగ్ ప్రాంతంలోని ఒక పాఠశాలలో ఆరు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలపై పోషకాహార అధ్యయనం జరిగింది. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు దీన్ని నడిపారు. 25 మంది పిల్లలు ఒక పూట 60 గ్రాముల చొప్పున గోల్డెన్ రైస్ అన్నం తిన్నారు. ఆ అన్నాన్ని అమెరికాలోనే వండి తెచ్చారు. 2012 ఆగస్టులో పరిశోధనా పత్రం ప్రచురితమయ్యాక పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ దీన్ని బయటపెట్టింది. చైనా విచారణలో తేలిందేమిటంటే, తల్లిదండ్రులకు ఇచ్చింది అంగీకార పత్రంలోని చివరి పేజీ మాత్రమే. అందులో గోల్డెన్ రైస్ అన్న మాటే లేదు. 2012 డిసెంబరులో ముగ్గురు అధికారులను పదవుల నుంచి తప్పించారు, ఒక్కో బిడ్డ కుటుంబానికి 80 వేల యువాన్ల పరిహారం ఇచ్చారు. ఆ పరిశోధనా పత్రాన్ని 2015లో వెనక్కి తీసుకున్నారు.

పిల్లలెవరికైనా హాని జరిగిందా అంటే, లేదు. ఆ బియ్యంలోని బీటా కెరోటిన్ విటమిన్-ఎగా బాగానే మారుతుందని పత్రం చెప్పింది. కానీ చైనా సోషల్ మీడియా వేదిక వేయ్‌బోలో పిల్లల తల్లిదండ్రులకూ, వారి వైపు నిలబడ్డవారికీ ఈ జవాబు చెబితే సరిపోతుందా? వాళ్లు అడిగింది కెరోటిన్ గురించి కాదు. చివరి పేజీ ఒక్కటే ఎందుకిచ్చారని అడిగారు. ఈ విషయంలో జనం పక్షమే సరైనదని నేను గట్టిగా నమ్ముతాను. ఒక మంచి ధాన్యానికి ఆ ఒక్క పేజీ చేసిన చెరుపును ఏ ప్రచారమూ పూడ్చలేదు.

2013 సెప్టెంబరులో వేయ్‌బో వేదికగా పెద్ద గొడవ లేచింది. నకిలీ శాస్త్రాన్ని ఎండగట్టే రచయితగా పేరున్న ఫాంగ్ జౌజీ, జన్యుమార్పిడి మొక్కజొన్నను జనం రుచి చూసే అవకాశం కల్పించాలన్నారు. చైనా ప్రభుత్వ టీవీ చానల్ సీసీటీవీ వ్యాఖ్యాతగా ఇంటింటా తెలిసిన త్సుయ్ యోంగ్‌యువాన్ అడ్డం తిరిగారు. తినాలా వద్దా అన్నది నేను ఎంచుకుంటాను, ముందు నాకు తెలియాలి అన్నది ఆయన వాదనలో అసలు భాగం. త్సుయ్ అమెరికా వెళ్లి చిత్రీకరించిన డాక్యుమెంటరీని 2014 మార్చిలో ఇంటర్నెట్‌లో పెట్టారు. పరువునష్టం దావాలు పడ్డాయి. 2015 జూన్‌లో బీజింగ్‌లోని హైదియాన్ కోర్టు ఇద్దరూ ఒకరి పరువును ఒకరు దెబ్బతీశారని తేల్చి, ఇద్దరినీ క్షమాపణ చెప్పమంది, పరిహారమూ కట్టమంది.

ఆ గొడవ సాగుతున్న నెలలోనే మరో మార్పు వచ్చింది. ఇంటర్నెట్‌లో పరువు తీసే అబద్ధపు పోస్టును 500 సార్లు పంచుకున్నా, 5,000 సార్లు చూసినా దాన్ని తీవ్ర నేరంగా చూడవచ్చని సుప్రీం పీపుల్స్ కోర్టు, ప్రొక్యురేటరేట్ (ప్రాసిక్యూషన్ చేసే అత్యున్నత సంస్థ) కలిసి వివరణ ఇచ్చాయి. పెద్ద ఖాతాలవాళ్లు జాగ్రత్తపడ్డారు. మాటలు వేయ్‌బో నుంచి మెసేజింగ్ యాప్ వీచాట్ గ్రూపుల్లోకి జారుకున్నాయి. కాబట్టి 2013 తర్వాత వేయ్‌బోలో పోస్టులు తగ్గాయని లెక్క చూపి, వ్యతిరేకత తగ్గిందని రాసేవారితో నేను ఏకీభవించను.

ఇక పుకార్లు. షాన్‌షీ, జిలిన్ రాష్ట్రాల్లో షియాన్‌యు-335 మొక్కజొన్న తిని ఎలుకలు మాయమయ్యాయని, పందులకు గర్భస్రావాలవుతున్నాయని 2010లో ఒక పత్రికలో వచ్చింది. అది పయొనీర్ కంపెనీ మామూలు హైబ్రిడ్. జన్యుమార్పిడి పంటే కాదు. అదే ఏడాది గ్వాంగ్‌షీలో కాలేజీ యువకుల వీర్యకణాలు తగ్గాయన్న ఒక సర్వేను, అక్కడ సాగయ్యే మరో హైబ్రిడ్ మొక్కజొన్నకు ముడిపెట్టారు. అదీ జన్యుమార్పిడిది కాదు. రెండింటిలోనూ విత్తనం విదేశీ కంపెనీదన్నది గమనించండి. చిన్న టమాటాలు, ఊదారంగు చిలగడదుంపలు, రంగు క్యాప్సికమ్‌లు అన్నీ జన్యుమార్పిడివేనన్న జాబితాలు కూడా ఏళ్లుగా తిరుగుతూనే ఉన్నాయి. అవి కూడా మామూలు రకాలే.

పురుగే తినని దాన్ని మనిషెలా తింటాడన్న ప్రశ్న అక్కడ అన్నిటికంటే ఎక్కువగా వినిపిస్తుంది. దీనికి జవాబు ఓపిగ్గా చెప్పాలి. బీటీ పంటలు తయారుచేసుకునే ఆ క్రై ప్రొటీన్ గొంగళిపురుగు పేగులోని క్షారగుణంలో కరుగుతుంది. అక్కడి ఎంజైములు దాన్ని కోసి చురుకు పుట్టిస్తాయి. అది పేగు కణాల మీది ప్రత్యేక గ్రాహకాలకు అంటుకుని రంధ్రాలు చేస్తుంది, పురుగు తిండి మానేసి చస్తుంది. మనిషి కడుపు ఆమ్లం. ఆ ప్రొటీన్ మిగతా ప్రొటీన్లలాగే అరిగిపోతుంది. అంటుకోవడానికి ఆ గ్రాహకాలూ మన పేగుల్లో లేవు. ఇది చెప్పాల్సిందే. కానీ విత్తనం ఎవరిది అని అడిగినవాడికి ఇదే జవాబు ఇస్తే, మాట దాటేశారని అనుకుంటాడు.

ఇక్కడ మన తెలుగు నేలకూ ఒక ముడి ఉంది. హువాహుయ్-1 వరిలో ఉన్నది క్రై1ఎబి, క్రై1ఎసి అనే రెండు క్రై జన్యువులు కలిపిన సంలీన జన్యువు. అదే తరహా జన్యువున్న చైనా పత్తి ఈవెంట్‌కు (జన్యువు చొప్పించిన ఒక నిర్దిష్ట పత్తి మూలానికి) 2006లో నాథ్ సీడ్స్ అనే విత్తన కంపెనీ ద్వారా మన దేశంలో అనుమతి వచ్చింది. చైనాలో అన్నం రూపంలో ఆగిపోయిన తరహా జన్యువు మన దగ్గర పత్తి రూపంలో నడిచింది. వూహాన్ వరి గొడవ మనకు సంబంధం లేనిదని అనుకోవద్దని అందుకే అంటున్నాను.

సర్వేల్లో ఒకటి మీరు తప్పక చూడాలి. 2018లో నేచర్ కుటుంబపు ఆహార శాస్త్ర పత్రికలో వచ్చింది, దేశమంతటా 2,063 మందిని అడిగారు. జన్యుమార్పిడి ఆహారంపై ప్రతికూలం 46.7 శాతం, తటస్థం 41.4 శాతం, అనుకూలం 11.9 శాతం. జన్యుమార్పిడి చైనాపై జీవ ఉగ్రవాదమని నమ్మినవారు 13.8 శాతం. సోషల్ మీడియాలో ఈ 41.4 శాతం దాదాపు కనిపించరు. తటస్థుడు పోస్టు పెట్టడు కదా. కాబట్టి వేయ్‌బో లెక్కను జనాభా లెక్కగా ఎప్పుడూ రాయకండి.

పోస్టులతో పనిచేసేవారికి కొన్ని సూచనలు. ఒక్క కీలకపదంతో వెతికితే నూనె ప్రకటనలు, హైబ్రిడ్ పుకార్లు, విధాన వార్తలు, వ్యక్తిగత తిట్లు అన్నీ కలిసి వస్తాయి. ముందు ప్రకటనలు తీసేయండి. సొంత పోస్టునూ, పంచుకున్న పోస్టునూ వేర్వేరు వరుసల్లో పెట్టండి. లేకపోతే ఒక ప్రముఖుడి ఒక్క మాట వెయ్యి అభిప్రాయాలుగా లెక్కకొస్తుంది. ఏ రోజు పోస్టును ఆ రోజే సమయంతో సహా భద్రపరచండి. వారం ఆగితే తీసేసినవి ఎన్నో కూడా తెలియదు. వీచాట్ గ్రూపులు బయటివారికి కనబడవు. దొరికేవి బహిరంగ ఖాతాల వ్యాసాలు మాత్రమే. వాటి మీద చదివినవారి సంఖ్య లక్ష దాటితే 'లక్షకు పైగా' అనే ఉంటుంది; లక్షా పదివేలా, యాభై లక్షలా అన్నది తేలదు. ఆ అంకెతో సగటు తీయకండి.

వర్గీకరణ ఇద్దరు విడివిడిగా చెయ్యాలి. మొదట 200 పోస్టులు ఇద్దరూ చదివి కోహెన్ కప్పా (ఇద్దరి వర్గీకరణ ఎంతవరకు కలిసిందో చెప్పే కొలత) లెక్కించండి. 0.7 కంటే తక్కువొస్తే తప్పు చదివేవారిది కాకపోవచ్చు, వర్గాల నిర్వచనాలు తిరగరాయండి. అనుకూలం, ప్రతికూలం అని రెండు డబ్బాలు పెట్టి ఆగిపోవద్దు. కోపం ఎవరి మీద అన్నది వేరే వరుసలో రాయండి: జన్యువు మీదా, విదేశీ కంపెనీ మీదా, మంత్రిత్వ శాఖ మీదా, శాస్త్రవేత్త మీదా, లేబుల్ లేకపోవడం మీదా. "ముందు అధికారులు తిని చూపించమనండి" అన్న పోస్టులో ఒక్క చెడ్డ మాట లేదు. పోస్టుల భావాన్ని లెక్కించే కంప్యూటర్ ప్రోగ్రాం దాన్ని తటస్థం అంటుంది, ఒక్కోసారి అనుకూలం అని కూడా అంటుంది. అది పచ్చి అపనమ్మకం.

లేబుళ్లను కూడా పోస్టులతో కలిపి చదవాలి. 2002 నుంచి సోయా, మొక్కజొన్న, ఆవ జాతి నూనెగింజలు, పత్తి విత్తనం, టమాటా అనే ఐదు పంటల 17 ఉత్పత్తులకు లేబుల్ తప్పనిసరి. చైనా ఏటా దాదాపు పది కోట్ల టన్నుల సోయా దిగుమతి చేసుకుంటుంది, అందులో అత్యధికం జన్యుమార్పిడిదే. కాబట్టి సూపర్‌మార్కెట్‌లో సోయానూనె సీసా వెనక చిన్న అక్షరాల్లో ఆ సంగతి ఉంటుంది. పక్కనే వేరుశనగ నూనె సీసా ముందువైపు పెద్ద అక్షరాల్లో 'జన్యుమార్పిడి కాదు' అని ఉండేది. చైనా మార్కెట్లో జన్యుమార్పిడి వేరుశనగే లేదు! అంటే వ్యాపారమే భయాన్ని పెంచి అమ్ముకుంది. అలాంటి పంటల నూనెల మీద ఆ మాట రాయకూడదని 2018లో ప్రభుత్వం ప్రకటన ఇచ్చింది. ఆ తేదీకి ముందూ తర్వాతా పోస్టుల్లో వేరుశనగ ప్రస్తావన ఎలా మారిందో చూడటం మంచి ప్రాజెక్టు.

ఇప్పటి సంగతి. 2021లో జన్యుమార్పిడి మొక్కజొన్న, సోయా ప్రయోగాత్మక సాగు మొదలైంది. 2023లో హేబెయ్, ఇన్నర్ మంగోలియా, జిలిన్, సిచువాన్, యున్నాన్‌లలో 20 కౌంటీలకు విస్తరించింది. ఆ ఏడాది డిసెంబరులో 26 కంపెనీలకు విత్తనోత్పత్తి, అమ్మకపు లైసెన్సులిచ్చారు. మొక్కజొన్నలో ఎక్కువ భాగం పశువుల, కోళ్ల దాణాకు పోతుంది. అందుకే 2009 వరి నాటి తుపాను ఈసారి కనిపించలేదని నేననుకుంటాను. దాణా తిన్న పంది మాంసానికి లేబుల్ ఉండదు. మీరు ఇప్పుడు పోస్టులు పోగేయడం మొదలుపెడితే మొక్కజొన్న అన్న పదంతో పాటు పంది మాంసం, గుడ్లు, పాలు అన్న పదాలనూ మీ వెతుకులాట జాబితాలో చేర్చండి.