తిరుపతి ఎండలో క్యాంపర్ ఫ్రిజ్: రెండు ఫ్యాన్లు, ఒక స్విచ్

నమస్కారం. నా వెనుక మీకు కనిపిస్తున్నది మా క్యాంపర్ వ్యాన్. తిరుపతిలో ఇప్పుడు మధ్యాహ్నం రెండు గంటలైంది, నీడలో పెట్టిన థర్మామీటర్ 41 డిగ్రీలు చూపిస్తోంది. వ్యాన్‌లోని ఫ్రిజ్ వెనుక బిగించే ఫ్యాన్ల కిట్‌ను పరీక్షించడానికి ఇటువంటి రోజే కావాలని నేను పది రోజులుగా ఎదురుచూశాను.

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. ఈ ఫ్యాన్ల కిట్‌ను తయారీదారులు నాకు ఉచితంగా పంపారు. డబ్బు ఇవ్వలేదు, ఈ వీడియోను ముందుగా చూడనూ లేదు. ధర, వోల్టేజీ, కొలతల జాబితాను ఇక్కడ చదవను. పెట్టెలో 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు, వాటిని బిగించే అల్యూమినియం పట్టీ, వేడెక్కినప్పుడు ఫ్యాన్లను తిప్పడానికి ఒక చిన్న స్విచ్ ఉన్నాయి. నేను ఎక్కువగా మాట్లాడబోయేది ఆ స్విచ్ గురించే.

మా నాన్నగారు ఇన్సులిన్ తీసుకుంటారు. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. కిందటి వేసవిలో ఆయనను తలకోనకు తీసుకువెళ్ళినప్పుడు, భాకరాపేట దాటి అడవి దారిలోకి వచ్చాక ఫ్రిజ్ తలుపు తెరిచి చూస్తే లోపల 13 డిగ్రీలు ఉంది. పాలు విరిగిపోతే మళ్ళీ కొనుక్కోవచ్చు, కానీ ఆ మందు పెట్టెను చేతిలో పట్టుకుని నిలబడినప్పుడు నాకు కలిగిన భయం ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజే వెనుదిరిగి ఇంటికి వచ్చేశాము. కాబట్టి ఈ ఫ్యాన్ల సంగతి నాకు సరదా కోసం చేసిన మార్పు కాదు.

మా వ్యాన్‌లో ఉన్నది అబ్సార్ప్షన్ ఫ్రిజ్. హోటల్ గదుల్లో చప్పుడు చేయకుండా ఉండే చిన్న ఫ్రిజ్‌లలో అనేకం ఈ రకానివే. దీనిలో కంప్రెసర్ ఉండదు. అడుగున గ్యాస్ మంటతోనో కరెంటుతోనో బాయిలర్‌ను వేడి చేస్తే, నీటిలో కలిసి ఉన్న అమోనియా ఆవిరై పైకి వెళ్ళి, వెనుక పైభాగాన రెక్కలున్న కండెన్సర్‌లో తన వేడిని వదిలి ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం లోపలి గొట్టాల్లో హైడ్రోజన్ సమక్షంలో మళ్ళీ ఆవిరయ్యేటప్పుడు ఫ్రిజ్‌లోని వేడిని లాక్కుంటుంది. అంటే కండెన్సర్ వేడిని వదలలేకపోతే అమోనియా సరిగ్గా ద్రవం కాదు, లోపల చల్లదనమూ ఉండదు. ఫ్యాన్ చల్లదనాన్ని పుట్టించదు. వెనుక పేరుకున్న వేడిగాలిని తోసివేసి, ఫ్రిజ్ తన పని తాను చేసుకోవడానికి దారి ఇస్తుంది.

ఈ పద్ధతిని 1922లో స్వీడన్‌లో బాల్ట్‌జార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ మున్టర్స్ అనే ఇద్దరు విద్యార్థులు రూపొందించారు. చలి దేశంలో పుట్టిన యంత్రమని చిన్నచూపు చూడనవసరం లేదు, కానీ మీ ఫ్రిజ్ లోపల అంటించిన చీటీని ఒకసారి చదవండి. ఎస్‌ఎన్ అని ఉంటే అది 10 నుంచి 32 డిగ్రీల వాతావరణానికి తయారైనదని, ఎస్‌టీ అయితే 38 వరకు, టీ అయితే 43 వరకు పనిచేస్తుందని అర్థం. మా దానిపై ఎస్‌ఎన్ అని ఉంది. మే నెల తిరుపతిలో 32 డిగ్రీలంటే తెల్లవారుజామునో, రాత్రి బాగా పొద్దుపోయాకనో మాత్రమే చూస్తాము.

దీనికంటే ముందు నేను పెల్టియర్ పద్ధతిలో, అంటే కరెంటు పంపితే ఒక పక్క చల్లబడే బిళ్ళతో పనిచేసే చల్లపెట్టె ఒకటి వాడాను. అటువంటివి బయటి వేడికంటే సుమారు 20 డిగ్రీలు మాత్రమే తగ్గించగలవు. 41 డిగ్రీల ఎండలో 21 డిగ్రీల పెట్టె వల్ల మందులకు ఏ ప్రయోజనమూ లేదు. తరువాత ఈ ఫ్రిజ్ వచ్చింది. పాత కంప్యూటర్ నుంచి విప్పిన రెండు ఫ్యాన్లను నేనే తీగతో వెనుక కట్టాను. వాటిలో ఒకటి అడుగున బర్నర్ పక్కకు రావడంతో, గాలి తగిలి మంట ఆరిపోవడం, వెంటనే భద్రతా కవాటం గ్యాస్‌ను మూసివేయడం జరిగేది. నేను మాత్రం ఫ్రిజ్ నడుస్తోందనే అనుకునేవాడిని. దయచేసి బర్నర్ దగ్గర ఫ్యాన్ పెట్టకండి. కండెన్సర్‌కు కాస్త కింద నుంచి పైకి ఊదేలా, లేదా ఫ్రిజ్ వెనుక గాలి ఆడటానికి వ్యాన్‌కు కింద, పైన ఉండే రెండు జాలీలలో పై దాని వద్ద వేడిగాలిని బయటికి లాగేలా మాత్రమే బిగించండి. ఈ కిట్ పై జాలీకి సరిపోయేలా ఉంది, అది సరైన నిర్ణయం. మా వ్యాన్‌లో రెండు జాలీలూ పక్క గోడకే ఉన్నాయి, పైకప్పులో గొట్టం లేదు. అందువల్ల పై జాలీకి ఎగువన వేడిగాలి మూటకట్టినట్టు నిలిచిపోయేది.

ఫ్యాన్లు బిగించడానికి ముందు చేయవలసిన పని మరొకటి ఉంది, దాని గురించి కిట్‌తో వచ్చిన కాగితంలో ఒక్క ముక్క కూడా లేదు. మా ఫ్రిజ్ వెనుకభాగానికి, వ్యాన్ గోడకు మధ్య నాలుగు అంగుళాల ఖాళీ ఉండేది. కింది జాలీ నుంచి వచ్చిన గాలి రెక్కలను తాకకుండా గోడ వెంబడి నేరుగా పైకి పోయేది. ఒక అల్యూమినియం రేకును వంచి, ఆ ఖాళీ ఒక అంగుళానికి తగ్గేలా, గాలంతా రెక్కల మధ్య నుంచే వెళ్ళేలా అడ్డుపెట్టాను. ఆ ఒక్క పనితోనే, ఫ్యాన్లు లేకుండానే, లోపలి ఉష్ణోగ్రత మూడు డిగ్రీలు తగ్గింది. థర్మోకోల్, అట్ట వంటివి అక్కడ వాడకండి, బాయిలర్ పొగగొట్టం ఆ పక్కనే ఉంటుంది.

ఇప్పుడు స్విచ్ సంగతి. కండెన్సర్ రెక్కకు అంటించే ఈ బిళ్ళ 35 డిగ్రీల వద్ద కలుస్తుంది, ఫ్యాన్లు తిరుగుతాయి. ఇటువంటి స్విచ్‌లు కలిసిన వేడి వద్దే విడిపోవు. సుమారు పది డిగ్రీలు తగ్గితేగానీ విడిపోవు. అంటే రెక్క 25 డిగ్రీలకు చల్లబడితే ఫ్యాన్లు ఆగుతాయి. తిరుపతిలో వేసవి అర్ధరాత్రి గాలే 28 డిగ్రీలు ఉంటే, ఆ గాలి తగిలే రెక్క 25కు ఎలా వస్తుంది? మొదటి వారమంతా ఈ ఫ్యాన్లు ఒక్క నిమిషం కూడా ఆగలేదు. బ్యాటరీ గురించి నాకు దిగులు లేదు, రెండూ కలిపి అర ఆంపియర్ కూడా తీసుకోవు. కానీ ఈ ఫ్రిజ్‌ను నేను ఇన్నేళ్ళు ప్రేమించడానికి కారణం దాని నిశ్శబ్దం. రాత్రి అడవి అంచున బండి ఆపుకుని పడుకున్నప్పుడు తల పక్కనే ఎడతెగని గుర్రుమనే శబ్దం వినిపిస్తే ఆ ప్రయాణానికి అర్థమేముంది? ఉష్ణదేశంలో అమ్మే వస్తువుకు ఉష్ణదేశపు స్విచ్ పెట్టాలన్న ఆలోచన తయారీదారులకు రాకపోవడం నన్ను నిజంగా బాధించింది.

నేను దానిని తీసివేసి, 50 డిగ్రీల వద్ద కలిసే స్విచ్‌ను విడిగా కొని పెట్టాను. కొనేటప్పుడు వేడికి కలిసే రకమే అడిగి తీసుకోండి. వేడికి విడిపోయే రకం కూడా అదే ఆకారంలో ఉంటుంది, అది పెడితే అవసరమైన సమయంలోనే ఫ్యాన్లు ఆగిపోతాయి. ఇప్పుడు పగలంతా తిరుగుతున్నాయి, రాత్రి పన్నెండు దాటాక ఆగుతున్నాయి. బాల్ బేరింగ్ ఫ్యాన్లు కావడం వల్ల తిరిగేటప్పుడు కూడా నా పాత ఫ్యాన్ల వలె గరగరమనడం లేదు.

రండి, తలుపు తెరుస్తున్నాను. నిన్న రాత్రి నుంచి లోపల ఉంచిన థర్మామీటర్ ఇది. ఆరు డిగ్రీలు. బయట 41. ఇన్సులిన్‌ను మధ్య అరలో, ఫ్రిజ్ లోపల వెనుక ఉండే చల్లటి రెక్కలకు దూరంగా పెట్టాను, ఎందుకంటే అది గడ్డకట్టినా పనికిరాదు. బండిని కూడా జాలీలున్న పక్క పడమటి ఎండ పడకుండా నిలిపాను. ఏటవాలు నేల మీద ఎక్కువసేపు ఆపకండి. లోపలి ద్రవం వాలుకే ప్రవహిస్తుంది కనుక, బండి ఒరిగి ఉంటే బాయిలర్ మాడిపోతుంది, దానిని ఏ ఫ్యాన్ కూడా కాపాడలేదు.

కొత్తగా ఫ్రిజ్ కొనేవారైతే మన ఎండలకు 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ కొనమనే చెబుతాను. ఇప్పటికే అబ్సార్ప్షన్ ఫ్రిజ్ ఉన్నవారు మాత్రం రేకు పని ముగించి ఈ కిట్ పెట్టుకోండి, స్విచ్ మార్చుకోండి. స్విచ్ మీద కోపం ఉన్నా దీనికి నేను మంచి మార్కులే వేస్తున్నాను, ఎందుకంటే ఈ ఆదివారం మా నాన్నగారిని మళ్ళీ తలకోనకు తీసుకువెళ్తున్నాను. 35 డిగ్రీల స్విచ్‌కు బదులు 50 డిగ్రీలది ఇవ్వమని తయారీదారులకు రాశాను. వారి జవాబు రాగానే ఈ వీడియో కింద పెడతాను.