పర్లాకిమిడి కోట గుమ్మం బయట

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

మొన్న ఆదివారం మేం పదకొండు మంది బరంపురం తెలుగువాళ్ళం వెళ్ళి పర్లాకిమిడి కోట చూసి వచ్చాం. ఆ సంగతులు చెప్పమన్నారు కార్యదర్శిగారు. లోపల ఏం చూశారని మాత్రం నన్ను అడగకండి. తెలిసినవాళ్ళ ద్వారా అడిగించుకుని పొందిన అనుమతి అది. ఫొటోలు తీయబోమనీ, లోపలి విషయాలు పదిమందిలో చెప్పబోమనీ మాటిచ్చాకే రానిచ్చారు. అందుచేత నా ప్రసంగం గుమ్మం బయటే సాగుతుంది. నన్నడిగితే, మనకు కావలసిన కథలో ముప్పాతిక భాగం అక్కడే ఉంది.

ప్రయాణం మొదలవుతూనే ఒక చోద్యం. ఒడిశా ఊరి నుంచి ఒడిశా ఊరికి వెళ్ళడానికి మా వ్యానుకు ఆంధ్రా పర్మిట్ తీసుకోవలసి వచ్చింది. మోహన మీదుగా కొండదారి ఉంది కానీ, మాలో ముగ్గురికి మలుపులు పడవు. అందుకని ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి మీదుగా పాతపట్నం చేరి, అక్కడి నుంచి మళ్ళీ ఒడిశాలోకి వచ్చాం. పులిహోర డబ్బాలు ఒడిశాలో సర్ది, ఆంధ్రాలో తిని, చేతులు మళ్ళీ ఒడిశాలో కడుక్కున్నామని మా బావగారి పరిహాసం. పాతపట్నం ఎక్కడ అయిపోయిందో, పర్లాకిమిడి ఎక్కడ మొదలైందో దుకాణాల బోర్డుల మీది లిపి మారితేనే తెలిసింది. బేరాల భాష మాత్రం మారలేదు.

ఈ సరిహద్దు గీత ఇలా ఎందుకు పడిందో తెలియాలంటే కోట ముందు నిలబడాలి. తూర్పు గాంగుల సంతతిగా చెప్పుకునే గజపతుల సంస్థానం అది. ఎస్టేటు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ప్రజల్లో తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు, కొండల్లో సవరలు. 1892లో పుట్టిన కృష్ణచంద్ర గజపతి నారాయణదేవ్ మహారాజుకు ప్రత్యేక ఒడిశా రాష్ట్రం జీవిత ధ్యేయం. రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళ్ళి మరీ వాదించారు. 1933 నాటి బ్రిటిష్ ప్రభుత్వ శ్వేతపత్రం పర్లాకిమిడిని కొత్త రాష్ట్రంలో చేర్చలేదు. ఆయన ఊరుకోలేదు, మళ్ళీ పట్టుబట్టారు. చివరికి 1936 ఏప్రిల్ 1న రాష్ట్రం ఏర్పడేసరికి పట్టణం, చుట్టుపక్కల కొంత భాగం ఒడిశాకు వచ్చాయి. ఎస్టేటులో పెద్ద ముక్క మద్రాసు వైపే ఉండిపోయింది. తన రాష్ట్రం కోసం సొంత జమీందారీని రెండుగా కోసుకున్న మనిషి ఆయన. 1937లో ఆ రాష్ట్రానికి మొదటి ప్రధాని కూడా ఆయనే. ముఖ్యమంత్రిని అప్పట్లో అలాగే పిలిచేవారు.

ఆయన పేరెత్తితే మన తెలుగు ఇళ్ళలో పాతతరం వాళ్ళు మొహం ముడుచుకునేవారు. మా తాతగారూ అంతే. కానీ ఆ రోజు గుమ్మం దగ్గర నిలబడినప్పుడు నాకు ఆయన మీద కోపం రాలేదు. కోరుకున్నదాని కోసం అంత మూల్యం చెల్లించినవాళ్ళు మన వైపు ఎందరున్నారని ఆలోచించాను. ఒకరు గుర్తుకొచ్చారు. ఆయనా అదే ఊళ్ళో బతికినవాడు.

1880లో, ఇంకా పదిహేడేళ్ళు కూడా సరిగా నిండని కుర్రాడు, ముప్ఫై రూపాయల జీతం మీద పర్లాకిమిడి రాజావారి బడిలో చరిత్ర చెప్పడానికి చేరాడు. ఆయనే గిడుగు రామమూర్తి. రాజావారి జీతం తింటూనే ముఖలింగం గుడి శాసనాల లిపి నేర్చుకున్నాడు. రాజావారి కొండల నుంచి వచ్చే సవరల మాట విని, ఆ భాష పట్టుకున్నాడు. అడవుల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నాడు. దానికి వాడిన క్వినైను వల్ల చెవుడు వచ్చింది. భాషను చెవితో పట్టవలసిన మనిషికి చెవులే పోవడం ఎంత అన్యాయమో చూడండి. అయినా సవరలకు వాళ్ళ భాషలో పుస్తకాలు రాశాడు, సొంత డబ్బుతో బడులు పెట్టాడు. ఆయన పుట్టిన ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుని దండలు వేస్తాం. సవర పుస్తకాల ఊసు ఆ సభల్లో నేను విన్నది తక్కువ.

పర్లాకిమిడిని ఒడిశాలో కలపవద్దని పోరాడిన తెలుగువాళ్ళకు నాయకుడు కూడా ఈయనే. ఓడిపోయాడు. తెల్లవారితే కొత్త రాష్ట్రం మొదలవుతుందనగా, ముందురోజే ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయాడు. డెబ్బై రెండేళ్ళ వయసు. యాభై ఏళ్ళు దాటిన కాపురం. నాలుగేళ్ళకు, 1940లో పోయాడు.

ఒకే కోట ఇద్దరినీ పోషించింది. ఒకరు భూమిని కోసుకున్నారు, ఒకరు ఊరిని వదులుకున్నారు. మనం ఇక్కడే ఉండిపోయిన వాళ్ళ మనవలం. గిడుగువారిలా వెళ్ళిపోలేదు, మహారాజులా గెలవనూ లేదు. పిల్లలకు బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు చెప్పించుకుంటూ గడుపుకొచ్చాం. అందుకే నాకు ఆ గోడల అందం కన్నా ఆ గోడల అవతల ఉన్న బడి ముఖ్యం అనిపించింది. అందం లేదని కాదు. మద్రాసులో సెనేట్ హౌస్ కట్టిన చిషోమ్ దొరే అక్కడి బృందావన ప్యాలెస్‌కు నక్షా గీశాడని చెబుతారు. కట్టడాల మీద మోజున్న కుర్రవాళ్ళు దాని గురించి నాకన్నా బాగా చెబుతారు.

స్టేషనుకు కూడా వెళ్ళాం. ఆంధ్రా వైపున్న నౌపడా దాకా రాజావారు వేయించిన చిన్న రైలు దారి 1900 నాటికి సిద్ధమైంది. ఇరవై అయిదు మైళ్ళకు ఏడు లక్షల రూపాయలు. తరవాత గుణుపురం వరకు పొడిగించారు. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులే. 2004లో ఆ బుల్లి రైలు ఆగింది, 2011లో దాని చోట పెద్ద పట్టాల మీద పెద్ద రైలు వచ్చింది. 1936 గీతతో ఆ రైలు ఒక రాష్ట్రంలో బయలుదేరి మరో రాష్ట్రంలో ఆగేదైంది. మా వ్యానులాగే. దానికి పర్మిట్ అక్కర్లేదు, అంతే తేడా.

తిరుగు ప్రయాణానికి ముందు బజారులో కొమ్ముతో చేసిన కొంగ బొమ్మ కొన్నాను. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరున్న ఊరు. బేరం తెలుగులో చేశాను, చిల్లర ఒడియాలో లెక్కపెట్టి ఇచ్చాడు దుకాణదారు. గిడుగువారు ఏ వీధిలో ఉండేవారో ఆయన్ని అడుగుదామని నోరు తెరిచేలోగా డ్రైవరు హారన్ కొట్టాడు. పర్మిట్ గడువు రాత్రి పన్నెండింటితో అయిపోతుందట.

ఆ వీధి కోసమే వచ్చే నెల మళ్ళీ వెళుతున్నాం. రాదలచుకున్నవాళ్ళు సభ అయ్యాక నాకు పేర్లివ్వండి. పర్మిట్ ఖర్చు తలా ఇంత పంచుకోవాలి.