డెర్రీ: ఒక ఓక్ తోపు పేరు

శ్రోతలకు నమస్కారం.

ఉత్తర ఐర్లండ్‌లో బెల్‌ఫాస్ట్ తర్వాత పెద్ద నగరం ఫాయిల్ నది ఒడ్డున ఉంది. దాన్ని డెర్రీ అనేవాళ్లున్నారు, లండన్‌డెర్రీ అనేవాళ్లున్నారు. మీ నోట ఏ పేరు వచ్చిందో విని, మీరు ఎటువైపు వారో అక్కడివాళ్లు లెక్కేసుకుంటారు. ఐర్లండ్ అంతా ఒకే దేశం కావాలనేవాళ్లు డెర్రీ అంటారు. బ్రిటన్‌తోనే ఉండాలనేవాళ్లు, ముఖ్యంగా కాగితం మీద రాసేటప్పుడు, లండన్‌డెర్రీ అంటారు. ఈ తగువులో పడి, పేరు వెనకున్న చెట్లను చాలామంది మరిచిపోతున్నారు. నాకు వాటి కథే ముందు చెప్పాలనిపిస్తుంది.

ఐరిష్ భాషలో ‘దెరె’ అంటే ఓక్ చెట్ల తోపు. ఇంగ్లీషువాళ్ల నోట అది డెర్రీ అయింది. ఒకప్పుడు అక్కడ నదికీ చిత్తడి నేలకూ మధ్య ఒక గుట్ట, దాని మీద ఓక్ చెట్లు ఉండేవి. ఆ చిత్తడి నేల పేరు కూడా నిలిచిపోయింది: గుట్ట కింద ఉన్న పేటను ఇప్పటికీ బోగ్‌సైడ్ అనే పిలుస్తారు.

ఆ తోపును మొదట్లో కల్గఖ్ అనే మనిషి పేరుతో కలిపి పిలిచేవారు. ఆరో శతాబ్దంలో సాధువు కోలమ్ కిల్లె అక్కడ మఠం కట్టాడని సంప్రదాయం. తర్వాత తోపు ఆయన పేరుమీదికి మారింది. చావుకీ నరకానికీ భయపడిన దానికంటే డెర్రీలో గొడ్డలి చప్పుడుకే ఎక్కువ భయపడతానని ఆయన అన్నట్టు పాత ఐరిష్ పద్యాల్లో ఉంది. ఆ మాట నిజంగా ఆయనదే కాకపోవచ్చు. కానీ చెట్టు నరికితే పాపమని నమ్మిన జనం తమ సాధువు నోట ఆ మాట పెట్టారంటే, ఆ తోపు వాళ్లకు ఎంత ప్రియమైనదో తెలుస్తుంది.

గొడ్డలి రానే వచ్చింది. పదిహేడో శతాబ్దం మొదట్లో ఇంగ్లండ్ రాజు మొదటి జేమ్స్, ఉల్‌స్టర్ ప్రాంతంలో ఐరిష్ వాళ్ల భూములు లాక్కుని, ఇంగ్లండ్ నుంచీ స్కాట్లండ్ నుంచీ జనాన్ని తెచ్చి స్థిరపరిచాడు. ఆ పనికి డబ్బు పెట్టింది లండన్ నగరంలోని వర్తక సంఘాలు. అందుకే 1613లో రాజు ఇచ్చిన పత్రంలో ఊరి పేరు ముందు లండన్ వచ్చి చేరింది. చుట్టూ ఉన్న జిల్లాకూ అదే పేరు పెట్టారు. అంతకుముందు ఆ జిల్లాలో ఎక్కువ భాగం కోల్‌రెయిన్ పేరుతో ఉండేది. కొత్తగా వచ్చినవాళ్ల కోసం కట్టిన కోటగోడ ఈనాటికీ ఊరి చుట్టూ చెక్కుచెదరకుండా ఉంది. ఓడలకూ పీపాలకూ కలప కావాల్సి రావడంతో ఆ ప్రాంతంలోని ఓక్ అడవులు నేలకూలాయి.

1972 జనవరి 30న బోగ్‌సైడ్‌లో పౌరహక్కుల ఊరేగింపు మీద బ్రిటిష్ సైనికులు కాల్పులు జరిపారు. ఆ రోజే 13 మంది చనిపోయారు. అలాంటి రోజులు చూసిన ఊళ్లో పేరు గురించిన పట్టుదలను చిన్నవిషయం అనడం నా వల్ల కాదు. 1984లో నగర మండలి తన పేరులోంచి లండన్‌ను తీసేసింది. అయితే మండలి పేరు మారినంత మాత్రాన నగరం పేరు మారదని 2007లో హైకోర్టు తేల్చింది. చట్టం దృష్టిలో అది లండన్‌డెర్రీయే. రహదారి బోర్డుల మీద లండన్ అనే భాగానికి ఎవరో ఒకరు రంగు పూస్తూనే ఉంటారు.

రెండు పేర్ల మధ్య ఏటవాలు గీత పెట్టి రాయడం మొదలయ్యాక, ఆ ఊరి రేడియో వ్యాఖ్యాత జెర్రీ ఆండర్సన్ దాన్ని ‘స్ట్రోక్ సిటీ’ అన్నాడు. ఆ గీతను ఇంగ్లీషులో స్ట్రోక్ అంటారు. ఆ పేరును ఊరు నవ్వుతూ ఒప్పుకుంది. ఒక రేడియో మనిషి మాటకు రెండు వైపులవాళ్లూ నవ్వారంటే నాకు గర్వంగా ఉంటుంది.

ఇంకొక్క సంగతి. 1689లో కాథలిక్ రాజు రెండో జేమ్స్ సైన్యం ఊరిని 105 రోజులు ముట్టడిస్తే లోపలి ప్రొటెస్టెంట్లు తలుపులు తీయలేదు. ముట్టడికి ముందు కోట తలుపులు మూసేసిన, పని నేర్చుకునే కుర్రాళ్ల గుర్తుగా డిసెంబరులోనూ, ముట్టడి తొలగిన గుర్తుగా ఆగస్టులోనూ, బ్రిటన్‌వైపు ఉండే ఒక ప్రొటెస్టెంట్ సంఘం ఏటా ఊరేగింపు జరుపుతుంది. ఆ సంఘం పేరు ‘అప్రెంటిస్ బాయ్స్ ఆఫ్ డెర్రీ’.