గడ్డి ఆకులో తెల్ల గీత

శ్రోతలందరికీ నమస్కారం. గడ్డి ఆకు మీద పొడుగ్గా తెల్లటి గీత కనబడితే ఏదో తెగులులే అనుకుని వదిలేస్తాం, కానీ ఒక్కోసారి ఆ గీత లోపల ఒక ప్రాణి ఉంటుంది, ఆకు తొలిచే ఈగ పిల్ల. అగ్రోమైజిడే అనే కుటుంబంలో సుమారు 3000 రకాల ఈగలున్నాయి, గడ్డి, గోధుమ, బార్లీ లాంటి వాటి మీద బతికేవి అందులో కొన్ని. ఎదిగిన ఈగ కూడా చాలావరకు రెండు మూడు మిల్లీమీటర్లే ఉంటుంది.

నాకు బాగా నచ్చేది తల్లి ఈగ పని. గుడ్లు పెట్టే గొట్టంతో ఆకుకి చిన్న చిల్లు పొడుస్తుంది, వెంటనే వెనక్కి తిరిగి అందులోంచి ఊరిన రసం తాగుతుంది. కొన్ని చిల్లుల్లో మాత్రమే గుడ్డు పెడుతుంది, మిగతావన్నీ తిండి కోసమే. మగ ఈగకి ఆ గొట్టం లేదు, చిల్లు పొడవలేదు, అందుకని ఆడ ఈగ పొడిచిన చిల్లుల దగ్గరికే వచ్చి తాగుతుంది. ఎంత చిన్న ఏర్పాటు, ఎంత బాగుందో చూడండి!

గుడ్డులోంచి వచ్చిన పిల్లకి కాళ్లు లేవు, నోట్లో నల్లటి కొక్కేలు మాత్రం ఉంటాయి. పక్కకి ఒరిగి పడుకుని కొడవలితో కోసినట్టు ఆ కొక్కేల్ని అటూ ఇటూ ఆడిస్తూ ఆకు లోపలి పచ్చటి కండ తింటుంది, పైపొర జోలికి పోదు, అలా తిన్న దారే మనకి తెల్ల గీతలా కనబడుతుంది. టమాటా ఆకు మీద ఇలాంటి పురుగు చేసే పాముపొడ గీత వంకర్లు తిరుగుతుంది కదా, గడ్డిలో అలా కాదు, ఈనెలన్నీ పక్కపక్కనే నిలువుగా ఉంటాయి కాబట్టి గీత కూడా నిలువుగానే సాగుతుంది. ఎదిగాక కొన్ని రకాలు మట్టిలోకి దిగి ప్యూపా, అంటే ఈగగా మారే ముందు కదలకుండా ఉండే దశ, అవుతాయి, కొన్ని ఆకులోనే ఉండిపోతాయి.

ఇక మందు సంగతి. మందు కొట్టే ముందు ఆకుని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూడండి, మళ్లీ చెప్తున్నా, వెలుతురుకి ఎత్తి చూడండి. లోపల నల్లటి రెట్ట చుక్కలు, పాలిపోయిన పురుగు కనిపిస్తే అది తెగులు కాదు, శిలీంధ్రాల మందు దానికి పనిచేయదు. పురుగు కదలకుండా మెత్తబడి ఉంటే డిగ్లిఫస్ లాంటి బుల్లి కందిరీగ దాన్ని కుట్టి పడేసి పక్కనే గుడ్డు పెట్టి ఉండొచ్చు, కందిరీగ పిల్లకి ఆ పురుగే తిండి. అక్కడ పురుగుమందు కొడితే ముందు ఈ కందిరీగలే పోతాయి. నాలుగైదు ఆకులకి గీతలు పడినంత మాత్రాన గడ్డికి వచ్చే నష్టం తక్కువే, అలాంటప్పుడు ఆ ఆకులు తుంచేస్తే చాలు.