నవ్వింది కదా, ఒప్పుకున్నట్టే కదా? (స్టూడియో చర్చ, పూర్తి పాఠం)

(చెన్నై టీనగర్‌లోని ఒక తెలుగు స్టూడియోలో రికార్డయిన చర్చ. విద్యార్థిని, ఫోన్‌లో మాట్లాడిన అమ్మాయి తమ పేర్లు వద్దన్నారు. అందుకని అందరి పేర్లూ తీసేశాను. ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడినచోట వినిపించినంత మటుకే రాశాను.)

యాంకర్: నమస్కారం. ఈ రోజు చర్చ ఒక ఫోటో మీద. పుళియంతోపు వైపు వీధులు ఊడ్చే ఒక తెలుగావిడ మధ్యాహ్నం అన్నం తింటోంది, వెనకే చెత్తకుండీ. తీసింది జర్నలిజం చదివే అమ్మాయి. కాలేజీ ఎగ్జిబిషన్‌లో మొదటి బహుమతి వచ్చింది. అక్కడి నుంచి వాట్సాప్‌లోకి ఎక్కింది, ఆవిడ ఇంటికీ చేరింది. కూతురికి సంబంధం మాట్లాడుకున్న వాళ్ల ఇంటికి కూడా చేరింది. ఇప్పుడు గొడవ. నా ప్రశ్న ఒక్కటే. ఫోటోలో ఆవిడ నవ్వుతోంది. నవ్వితే ఒప్పుకున్నట్టు కాదా? ముందు మీరు చెప్పండి సార్.

ఫోటోగ్రాఫర్: నేను 34 ఏళ్లు పత్రికల్లో కెమెరా మోసినవాణ్ణి. అడిగి తీసింది ఫోటో కాదండీ, పాస్‌పోర్ట్ సైజు.

లాయర్: అది వినడానికి బాగుంది కానీ...

ఫోటోగ్రాఫర్: పూర్తి చేయనివ్వండి మేడమ్. ‘అమ్మా, తీయనా?’ అనగానే ఆవిడ ఏం చేస్తుంది? కొంగు సర్దుకుంటుంది. డబ్బాకి మూత పెట్టేస్తుంది. లేచి చేతులు కట్టుకుని నిలబడుతుంది. ఇంక ఏముంది అక్కడ తీయడానికి?

లాయర్: మూత పెట్టేసిందంటే అదే కదండీ జవాబు! వద్దు అని.

ఫోటోగ్రాఫర్: 2004 సునామీ గుర్తుందా మీకు? కడలూరు. ఇసుక మీద పడి ఏడుస్తున్న ఒక ఆవిడ, పక్కన చనిపోయిన మనిషి చెయ్యి. ఆర్కో దత్తా తీశాడు. ఆ ఏడాదికి వరల్డ్ ప్రెస్ ఫోటో అవార్డు దానికే. ఆవిడ దగ్గర సంతకం పెట్టించుకుని తీయాలా? ప్రపంచమంతా ఆ ఒక్క ఫోటో చూసి...

లెక్చరర్: సార్, అది విపత్తు. ఇది మధ్యాహ్నం భోజనం.

ఫోటోగ్రాఫర్: చెత్తకుండీ దగ్గర భోజనం విపత్తు కాదా మాస్టారూ?

(ఇక్కడ స్టూడియోలో ఎవరో చప్పట్లు కొట్టారు. కెమెరా వెనకనుంచి.)

యాంకర్: బాగా చెప్పారు. అయినా నా ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఆవిడ నవ్వింది కదా?

లెక్చరర్: ఆ ప్రశ్నకే వస్తున్నాను. 1936లో అమెరికాలో డొరోథియా లాంజ్ ఒక ఫోటో తీసింది. పిల్లల్ని పట్టుకుని, చెంప మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్న కూలీ తల్లి. మా సిలబస్‌లో ఉంది. ఆ తల్లి ఎవరో 1978 దాకా లోకానికి తెలియదు. తెలిశాక ఆవిడ ఏమంది? నా పేరైనా అడగలేదు, ఒక కాపీ పంపిస్తానని పంపలేదు, ఆ ఫోటో తీయకుండా ఉంటే బాగుండేది అంది.

ఫోటోగ్రాఫర్: కథ సగంలో ఆపకండి. 1983లో ఆవిడకి జబ్బు చేస్తే దేశం నలుమూలల నుంచీ వేల డాలర్ల చందాలు వచ్చాయి. దేన్ని చూసి? ఆ ఫోటోని చూసే!

లెక్చరర్: 47 ఏళ్ల తర్వాత వచ్చాయండీ.

ఫోటోగ్రాఫర్: వచ్చాయా లేదా?

(మాస్టారు తల ఊపారు. ‘వచ్చాయి’ అన్నారో, ‘సరే’ అన్నారో వినిపించలేదు. ఇక్కడి నుంచి చర్చ ఎవరి చేతిలోకి వెళ్లిందో చదివేవాళ్లకి తెలుస్తూనే ఉంటుంది.)

యాంకర్: తీసిన అమ్మాయే మనతో ఉంది. చెప్పమ్మా, ఆవిడ నవ్వినప్పుడు నీకేమనిపించింది?

విద్యార్థిని: సార్, నేను ఒంగోలు నుంచి వచ్చాను. తమిళం అంతంతమాత్రం. రోడ్డు ఇవతల నుంచి కెమెరా పైకెత్తి చూపించి ‘ఫోటో?’ అన్నాను. ఆవిడ నోట్లో ముద్ద ఉంది. తలెత్తి నవ్వింది. నేను నొక్కేశాను. ఆవిడది తెలుగు ఇల్లని నాకు బహుమతి వచ్చాకే తెలిసింది. తెలుగులో అడిగి ఉంటే కనీసం...

యాంకర్: అంటే నువ్వు అడిగావు, ఆవిడ నవ్వింది. ఇంకేం!

విద్యార్థిని: ఇంకోటి కూడా ఉంది సార్. దూరంనుంచి తీసే 200 లాంగ్ లెన్స్ వేసి తీశాను. ఆవిడ కూర్చుంది మూసేసిన కొట్టు మెట్ల మీద. చెత్తకుండీ ఆవిడ వెనక ఏడెనిమిది అడుగుల దూరంలో ఉంది. లాంగ్ లెన్స్‌లో వెనకది ముందుకు జరిగినట్టు కనిపిస్తుంది కదా. ఫోటోలో చూస్తే కుండీకి ఆనుకుని తింటున్నట్టే ఉంది. నిజానికి ఆవిడ చేతులు కడుక్కుని, గ్లౌజులు పక్కన పెట్టి, స్టీలు డబ్బా మూత తిరగేసి అందులో గోంగూర వేసుకుని చాలా...

ఫోటోగ్రాఫర్: లెన్స్ గురించి నాకు చెబుతున్నావా అమ్మాయ్! అది ఫోటోగ్రఫీ. అబద్ధం కాదు. నువ్వు మంచి ఫోటో తీశావు. ఎందుకు భయపడుతున్నావు? వీళ్లంతా కలిసి నిన్ను భయపెడుతున్నారు.

లాయర్: లేదు, ఒక్క నిమిషం. ఆ అమ్మాయి ఇప్పుడు చాలా పెద్ద మాట చెప్పింది. కుండీ పక్కన తినలేదంటోంది!

ఫోటోగ్రాఫర్: ఎనిమిది అడుగులు పక్కన కాదా?

లాయర్: కింద క్యాప్షన్ ఏం పెట్టారో తెలుసా? ‘ఆకలికి వాసన లేదు’. ఎవరు రాశారమ్మా ఇది?

విద్యార్థిని: (మాస్టారి వైపు చూసింది.)

లెక్చరర్: నేను... కాస్త సూచించాను. ఎగ్జిబిషన్‌కి ఏదో ఒక శీర్షిక కావాలి కదా.

యాంకర్: బాగుంది శీర్షిక! సరే, చట్టం ఏమంటుంది మేడమ్? క్లుప్తంగా.

లాయర్: పెద్దవాళ్లని రోడ్డు మీద ఫోటో తీయడమే నేరం అనే చట్టం మనకి లేదు. పిల్లల విషయంలో కొన్ని నిషేధాలున్నాయి. 2012 పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం, రెండూ కేసుల్లో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టొద్దంటాయి. ఆడవాళ్లని చాటుగా చిత్రీకరించడం వేరే నేరం. 2025లో బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో ఆడపిల్లల్ని తెలియకుండా వీడియోలు తీసి పెట్టినతన్ని అరెస్టు చేశారు. కానీ తీయడం వేరు, ప్రచురించడం వేరు. 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు ప్రైవసీ ప్రాథమిక హక్కేనన్నారు. అంతకుముందే, 1994లో, మన చెన్నై నుంచి వెళ్లిన రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు...

ఫోటోగ్రాఫర్: నక్కీరన్ పత్రిక కేసు! ఆటో శంకర్!

యాంకర్: అవునా? ఆ ఆటో శంకరేనా?

ఫోటోగ్రాఫర్: వాడే, హత్యలకి ఉరిశిక్ష పడినవాడు. జైల్లో కూర్చుని ఆత్మకథ రాశాడు. నక్కీరన్ వేస్తామంది, పోలీసు పెద్దలు వణికారు. వాణ్ణి 1995లో సేలం జైల్లో ఉరి తీశారు. అప్పట్లో తిరువాన్మియూరు వైపు రాత్రిపూట ఆటో ఎక్కాలంటే...

(దాదాపు మూడు నిమిషాలు ఆటో శంకర్ గురించే నడిచింది. తీసేశాను.)

లాయర్: ఆ తీర్పులో మనకి కావలసింది ఇదండీ. ఒక మనిషి సొంత విషయాలు, కుటుంబం, పెళ్లి, ఇవి నిజమైనా సరే, వాళ్ల ఒప్పుదల లేకుండా ప్రచురించకూడదు. కోర్టు రికార్డుల్లాంటి వాటికి మినహాయింపు. పదవిలో ఉన్నవాళ్లు చేసే పని మీద రాయొచ్చు. పత్రిక గెలిచింది కూడా. అంటే ఆ స్వేచ్ఛ అధికారిని ప్రశ్నించడానికి. రోడ్డు ఊడ్చే మనిషి డబ్బాలోకి తొంగిచూడడానికి కాదు.

ఫోటోగ్రాఫర్: అలాగైతే పేదవాళ్ల ఫోటో ఇంకెవరూ తీయరు. పెద్దిళ్ల పెళ్లి ఫోటోలే మిగులుతాయి. మీకు కావలసింది అదేనా? నేను మళ్లీ చెబుతున్నాను, అడిగి తీస్తే పాస్‌పోర్ట్ సైజు!

యాంకర్: పాస్‌పోర్ట్ సైజు. ఈ మాట చాలామందికి నచ్చుతుంది. ఇప్పుడు లైన్‌లో ఆవిడ కూతురు ఉన్నారు. అమ్మా, వినిపిస్తోందా? మీ అమ్మగారు ఎందుకు నవ్వారు?

ఫోన్‌లో: సార్ నమస్కారం. అమ్మకి సూపర్‌వైజర్ రోజూ పొద్దున అటెండెన్సుకి ఫోటో తీస్తాడు సార్. ఫోటో పడకపోతే ఆ రోజు కూలి లేదు. మెడలో కార్డు వేసుకుని ఎవరు కెమెరా ఎత్తినా అమ్మ నవ్వుతుంది. ఆఫీసు వాళ్లనుకుంది. వద్దని అనొచ్చని అమ్మకి తెలియదు సార్.

యాంకర్: అంటే నవ్వడం మాత్రం నిజమే.

ఫోన్‌లో: అది కాదు సార్. మా ఇంట్లో అన్నం తినేటప్పుడు ఎవరైనా చూస్తూ నిలబడితేనే నాయనమ్మ దిష్టి తీసేది. మా తాత నెల్లూరు వైపు నుంచి ఈ పనికే వచ్చాడు. మూడు తరాలు ఇదే పని. ఫోటోలంటే మాకు కోపం లేదు సార్. 2025 ఆగస్టులో కార్పొరేషన్ ఆఫీసు రిప్పన్ బిల్డింగ్ ముందర 13 రోజులు కూర్చున్నాం కదా, మా పని ప్రైవేటుకి ఇవ్వొద్దని. అప్పుడు మేమే కెమెరా వాళ్లని పిలిచాం. అమ్మ ముందు వరసలో ఉంది, పిడికిలి ఎత్తింది. ఆ ఫోటో అడగండి, ఇస్తాం. ఇది మాత్రం... సంబంధం వాళ్లు ఏమన్నారంటే...

యాంకర్: తప్పకుండా వింటాం అమ్మా, లైన్‌లోనే ఉండండి. సార్ ఏదో అనబోతున్నారు.

ఫోటోగ్రాఫర్: పాపం, ఆ బాధ నాకు తెలుసు. కానీ తప్పు ఎవరిది? ఫోటోదా? ఆ ఫోటో చూసి సంబంధం వద్దనుకున్నవాళ్లదా? వాళ్లని పిలవండి స్టూడియోకి!

లెక్చరర్: వద్దన్నారని ఆ అమ్మాయి అనలేదండీ, మీరే మధ్యలో...

ఫోటోగ్రాఫర్: సమాజాన్ని మార్చండి, కెమెరాని కాదు!

(మళ్లీ చప్పట్లు.)

లాయర్: ఒక్క సంగతి. ఇప్పుడే మానిటర్ చూశాను. మనం మాట్లాడుతున్నంతసేపూ మన వెనక తెర మీద అదే ఫోటో ఉంది. ముఖం తెలిసేలా!

యాంకర్: లేదు మేడమ్, బ్లర్ చేశాం.

లాయర్: కళ్ల మీద చిన్న పట్టీ వేశారు. చీర, కోటు, డబ్బా, నవ్వు అన్నీ కనిపిస్తున్నాయి. వాళ్ల వీధిలో ఎవరైనా గుర్తుపడతారు.

యాంకర్: ప్రేక్షకులకి విషయం అర్థం కావాలి కదండీ. కంట్రోల్ రూమ్ చూసుకుంటుంది.

విద్యార్థిని: సార్, నేను కాలేజీకి రాసి ఇచ్చాను, గోడ మీద నుంచి తీసేయమని. బహుమతి కూడా తిరిగి ఇస్తానన్నాను. వాళ్లు అది కాలేజీ ఆస్తి అన్నారు.

లెక్చరర్: అది కమిటీ నిర్ణయం. నేను ఒక్కణ్ణే కాదు కదా.

ఫోటోగ్రాఫర్: వెనక్కి ఇవ్వకు. నా మాట విను. పదేళ్లయ్యాక నీకే తెలుస్తుంది.

యాంకర్: సమయం అయిపోవచ్చింది. రెండు వైపులా విన్నాం. సార్ అన్నట్టు సమాజం మారాలి, కెమెరా కాదు. మేడమ్, 20 సెకన్లు.

లాయర్: ఇరవై సెకన్లలో ఆ ఫోటో తెర మీద నుంచి తీసేయండి, నాకదే చాలు.

యాంకర్: (నవ్వుతూ) చూస్తాం, చూస్తాం. వచ్చేవారం పాండీబజారు ఫుట్‌పాత్‌లు ఎవరివి అన్న...

విద్యార్థిని: సార్, ఆ అక్క లైన్‌లో ఉందా ఇంకా? నేను ఒక్కమాట మాట్లాడాలి.

యాంకర్: లైన్ కట్ అయిందమ్మా. అందరికీ నమస్కారం.

(కట్ కాలేదు. హోల్డ్‌లో పెట్టారు. టైటిల్ మ్యూజిక్ ఆగిపోయాక రికార్డింగ్‌లో ఇంకో నిమిషంన్నర ఉంది. ‘హలో... సార్, ఉన్నారా?’ అని రెండుసార్లు వినిపిస్తుంది. వెనక ఎక్కడో కుక్కర్ కూత.)