ఏరు తమది, దారి ఇంకొకరిది

సభకు నమస్కారం. దక్షిణ అమెరికాలో సముద్రతీరం లేని దేశాలు రెండే రెండు. బొలీవియా పేరు లిథియం పుణ్యమా అని ఈమధ్య తరచూ వినబడుతోంది. రెండోది పరాగ్వే. ఫుట్‌బాల్ చూసేవాళ్లకు తప్ప మనలో చాలామందికి దాని ఊసే పట్టదు. అందుకే ఈ పూట పరాగ్వే.

దేశం మధ్యలోంచి ఉత్తరం నుంచి దక్షిణానికి పరాగ్వే నది పారుతుంది. నదికి పడమట ఉన్నది చాకో. దేశంలో అరవై శాతం నేల అదే, జనం మాత్రం నూటికి నలుగురైనా ఉండరు. అంతా ముళ్లపొదలు, ఎండ. 1927 నుంచి కెనడా, రష్యాల నుంచి వలసవచ్చిన మెన్నోనైట్ క్రైస్తవులు ఆ బీడులోనే డెయిరీలు పెట్టి దేశానికి పాలు పోస్తున్నారు, అదో పెద్ద కథ. తూర్పున ఎర్రనేల, మంచి వానలు, కనుచూపు మేర సోయా. 61 లక్షల జనాభాలో దాదాపు అందరూ ఇటువైపే.

సముద్రం లేదు కదా అని జాలిపడక్కర్లేదు. రాజధాని అసున్సియోన్ రేవు నుంచి నది మీద సుమారు 1,600 కిలోమీటర్లు దిగితే బ్యూనస్ ఎయిర్స్, ఆపైన అట్లాంటిక్. సోయా నింపిన బార్జిలను పదీ పదహారూ కలిపి ఇనుప తాళ్లతో బిగించి కడతారు. వాటన్నిటినీ వెనక నుంచి ఒక్క టగ్‌బోటు నెట్టుకుపోతుంది. ఒక్కో బార్జిలో సుమారు 1,500 టన్నులు పడుతుంది. అదే సరుకు లారీల్లో వేస్తే ఎన్ని లారీలు కావాలో మీరే లెక్కేసుకోండి. చిక్కల్లా ఒకటే, ఆ నీటిదారి కింది భాగం అర్జెంటీనా చేతిలో ఉంది. పరాగ్వే చరిత్రంతా ఈ ముడి చుట్టూనే తిరిగిందని నేనంటాను.

1811లో స్పెయిన్ నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. బ్యూనస్ ఎయిర్స్ మాత్రం పరాగ్వేని తన రాష్ట్రంగానే చూసింది, నదిలో దిగే సరుకు మీద పన్నులు వేసింది. 1814లో అధికారానికొచ్చిన ఫ్రాన్సియా, మీ దారీ వద్దు మీ బేరమూ వద్దన్నట్టు తలుపులు మూసేశాడు. 1840లో చనిపోయేదాకా అంతే. సరిహద్దులో, టీలా కాచుకునే యెర్బా మాతే ఆకు సాగు మొదలుపెట్టిన పాపానికి బోన్‌ప్లాన్ అనే ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్తను 1821లో పట్టుకొచ్చి ఏళ్ల తరబడి కదలనివ్వలేదు. ఆకు వ్యాపారం చేజారుతుందేమోనన్న భయం అలాంటిది మరి!

మూసిన తలుపును తర్వాతివాళ్లు తెరిచారు, రైలు వేశారు, ఇనుము కరిగించారు. ఇంతలో ఉరుగ్వే రాజకీయాల్లో బ్రెజిల్ చెయ్యి పెట్టింది. ఉరుగ్వే రేవు మాంటెవిడియో కూడా పెద్దవాళ్ల గుప్పిట్లోకి పోతే తన సరుకుకు దిక్కేదని పరాగ్వే అధ్యక్షుడు సొలానో లోపెజ్‌కు టెన్షన్. 1864లో మొదలైన యుద్ధంలో చివరికి బ్రెజిల్, అర్జెంటీనా, ఉరుగ్వే మూడూ ఒకవైపు, పరాగ్వే ఒక్కటీ ఒకవైపు. ఎంతమంది పోయారన్నదాని మీద చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. జనాభాలో సగానికి పైగా అన్న అంచనాలున్నాయి, పెద్ద మగవాళ్లు బతికి బట్టకట్టింది కొద్దిమందే. 1869 ఆగస్టు 16న అకోస్తా న్యూ దగ్గర పోరాడినవాళ్లలో ఎక్కువమంది పిల్లలు. పెద్దవాళ్లలా కనబడాలని వాళ్లకు గడ్డాలు అతికించారని చెప్తారు. ఇవాళ పరాగ్వేలో బాలల దినోత్సవం ఆ రోజునే. లోపెజ్‌ను అక్కడ వీరుడిగా కొలుస్తారు. పిల్లల్ని తుపాకుల ముందుకు తోసినవాణ్ని నేనైతే కొలవలేను.

ఇప్పుడు రెండో నది, పరానా. పరాగ్వే నది చివరికి కలిసేది దీన్లోనే. 1973లో నియంత స్ట్రోస్నర్ హయాంలో పరాగ్వే, బ్రెజిల్ కలిసి ఇతైపు డ్యామ్‌కు సంతకాలు చేశాయి. 1982లో జలాశయం నిండి గ్వైరా జలపాతాలు మునిగిపోయాయి, 1984లో కరెంటు వచ్చింది. మొత్తం ఇరవై టర్బైన్లు, ఒక్కోటీ 700 మెగావాట్లు, చెరి సగం. పరాగ్వే టర్బైన్లు ఇచ్చేది 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 ఆవర్తనాల ఏసీ కరెంటు, బ్రెజిల్‌వి ఇచ్చేది 60 హెర్ట్జ్. తన వాటా అంతా వాడుకునే పరిశ్రమ పరాగ్వేకి లేదు. మిగిలిన కరెంటు బ్రెజిల్‌కే ఇవ్వాలి, ఇంకెవరికీ అమ్మకూడదని ఒప్పందం. ఆ 50 హెర్ట్జ్ కరెంటును ఒకే దిశలో పారే డీసీగా మార్చి, సావో పాలో దాకా సుమారు 800 కిలోమీటర్లు లాక్కెళ్లి, అక్కడ మళ్లీ 60 హెర్ట్జ్ ఏసీగా మారుస్తారు. ఇంజనీరింగ్ అద్భుతమే, బేరం మాత్రం అధ్వానం. ఒకే కొనుగోలుదారు ఉన్నచోట ధర ఎవరు చెప్తారు? 2009లో, మిగులు కరెంటు ఇచ్చినందుకు బ్రెజిల్ కట్టే పరిహారాన్ని మూడింతలు చేయించుకోవడానికే పరాగ్వేకి ఏళ్లు పట్టింది.

2021లో పరానా నీటిమట్టం 77 ఏళ్లలో ఎన్నడూ లేనంత పడిపోయింది, బార్జిలు సగం సరుకుతోనే నడిచాయి. 2023లో అర్జెంటీనా తన భాగంలో నదికి టోల్ పెట్టింది, అసున్సియోన్ గొడవకు దిగింది. ఫ్రాన్సియా నాటి తగాదా మళ్లీ మొదటికొచ్చిందన్నమాట. అదే ఏడు ఇతైపు కట్టడానికి చేసిన అప్పు తీరిపోయింది, యాభై ఏళ్ల ధరల షరతులను తిరగరాసే గడువూ వచ్చింది. 2024లో పరాగ్వే, బ్రెజిల్ కూర్చుని టారిఫ్ ఖరారు చేసుకున్నారు. అసలు షరతుల మీద చర్చ సాగుతుండగా, బ్రెజిల్ నిఘా సంస్థ పరాగ్వే అధికారుల కంప్యూటర్లలోకి చొరబడిందన్న వార్తలతో 2025లో పరాగ్వే మాటలు ఆపేసింది. ప్రశ్నలుంటే అడగండి.